అర్థమైందని తలూపుతారు, షుగర్ మాత్రం దిగదు. చదువు అంతగా రాని పేషెంట్లకు మీరెలా చెప్తున్నారు?

వార్డు దీపం

అందరికీ నమస్కారం. నేను షుగర్ ఓపీలో నర్సుని. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. నిన్న జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అరవై దాటిన ఒక పెద్దాయన. రెండు నెలల కిందట ఆస్పత్రిలో చేరినప్పుడు ఇన్సులిన్ పెన్ను మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎప్పుడు వచ్చినా షుగర్ 300 పైనే. వేసుకుంటున్నారా అని అడిగితే "ఒక్కరోజు కూడా తప్పలేదమ్మా" అంటారు. డోసు 10 నుంచి 14 అయింది, తర్వాత 18, తర్వాత 24 యూనిట్లు. అయినా దిగలేదు. చివరికి ఫైల్లో "మందులు సరిగా వాడటం లేదు" అని రాశారు. నేనూ అదే అనుకున్నాను. మనసులో కాస్త విసుక్కున్నాను కూడా.

నిన్న రద్దీ తక్కువగా ఉంది. "బాబాయ్, మీరు ఇంట్లో ఎలా వేసుకుంటారో నా ముందు ఒకసారి చేసి చూపించండి" అన్నాను. ఆయన శ్రద్ధగా చేతులు కడుక్కున్నారు. పెన్నుకి సూది బిగించారు. పైనున్న పెద్ద మూత తీశారు. డోసు తిప్పారు. పొట్ట మీద పెన్ను ఆనించి, బటన్ నొక్కి, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టారు. అన్నీ సరిగ్గానే చేశారు. కానీ సూది మీద సన్నగా ఉండే లోపలి మూత అలాగే ఉంది. మందు చుక్కలుగా పొట్ట మీద నుంచి కిందికి జారింది. ఆయన జేబులోంచి మడతపెట్టిన గుడ్డ తీసి తుడుచుకున్నారు. "ప్రతిసారీ కొంచెం తడవుతుంది, అందుకే గుడ్డ దగ్గర పెట్టుకుంటా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. రెండు నెలలుగా ఆయన ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్ళనే లేదు.

వార్డులో నేర్పింది మేమే. అక్కడ వాడేది సేఫ్టీ సూది, దానికి ఒకటే మూత. ఇంటికి వెళ్ళాక మందుల షాపులో ఇచ్చింది మామూలు సూది, దానికి రెండు మూతలు. "మూత తీసి వేసుకోండి" అన్నాం, ఆయన తీశారు. చెప్పిన మాటను ఆయన అక్షరాలా పాటించారు.

వెంటనే డాక్టరుకి చెప్పి డోసు మళ్ళీ 10కి తెప్పించాను. లోపలి మూత సంగతి ఒక్కటే చెప్పి 24 యూనిట్లతో ఇంటికి పంపి ఉంటే ఆ రాత్రే షుగర్ ప్రమాదకరంగా పడిపోయి డౌన్ అయ్యేది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో తెలియదు. మీరెలా కనిపెడుతున్నారు? ఎలా చెప్తున్నారు?

తెల్లకోటు

చదువుతుంటే బాధేసింది. మీరు చేసింది చాలా మంచి పని. నేను డాక్టర్ని, నా వైపు ఇబ్బంది కూడా చెప్తాను. ఒక పూట ఓపీలో అరవై మంది. మనిషికి ఐదు నిమిషాలు కూడా రావు. అందులోనే బీపీ చూడాలి, రిపోర్టులు చూడాలి, మందు రాయాలి. ప్రతి ఒక్కరితో చేయించి చూడటం అయ్యే పనేనా? చదువు రానివాళ్ళెవరో ముందే కనిపెట్టి, వాళ్ళ వరకు చేస్తే సరిపోదా?

మందుల అలమర

డాక్టర్ గారూ, ఎవరికి అర్థం కాలేదో ముఖం చూసి చెప్పలేం. నేను ఫార్మసిస్టుని, రోజూ చూస్తుంటాను. బాగా చదువుకున్నవాళ్ళు కూడా చీటీ ముందు తడబడతారు. భయంలో ఉన్నప్పుడు ఎవరికైనా బుర్ర పనిచేయదు.

2006లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన నా మనసులో నాటుకుపోయింది. 395 మంది పేషెంట్లకు మందు సీసాల మీది లేబుళ్ళు చూపించారు. అందులో ఒకటి "రెండు మాత్రలు చొప్పున రోజుకు రెండుసార్లు". చదవడం తక్కువగా వచ్చినవాళ్ళలో 70.7 శాతం మంది దాన్ని సరిగ్గానే చెప్పారు. అయితే రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించమంటే 34.7 శాతం మందే సరిగ్గా చూపించారు. నోటితో ఒప్పజెప్పిన వాళ్ళలో సగం మంది చేతి దగ్గరకు వచ్చేసరికి తప్పారు. అప్పటి నుంచి నేను కౌంటర్ మీద ఒక ఖాళీ మూత పెట్టి, "రేపు పొద్దున్న వేసుకునేవి ఇందులో వేయండి, రాత్రివి పక్కన పెట్టండి" అంటున్నాను. అర నిమిషం పని.

ఇంకోటి. చాలామంది మాత్రను పేరుతో కాదు, రంగుతో గుర్తుపెట్టుకుంటారు. కంపెనీ మారితే రంగు మారుతుంది. ఒక పెద్దావిడ గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర పాతదీ, కొత్తదీ రెండూ వేసుకుంది. ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి గులాబీ, రెండు వేర్వేరు మందులనుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. మనవడు ఇంట్లో ఉండబట్టి బతికింది. ఇప్పుడు కంపెనీ మారితే పాత స్ట్రిప్పు, కొత్త స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి, "ఇది పోయి ఇది వచ్చింది, రెండూ ఒకటే" అని చెప్పి, పాతదాన్ని ఇంట్లోంచి తీసేయమంటున్నాను.

పెద్దకూతురు

నేను డాక్టర్నీ నర్సునీ కాదు. మా అమ్మకి పదకొండేళ్ళుగా షుగర్. అమ్మకి చదవడం రాదు. ఆ సంగతి ఏ డాక్టరుకీ తెలియదు, ఎందుకంటే అమ్మ చెప్పదు. చీటీ చేతికిస్తే "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, ఇంటికెళ్ళి చూసుకుంటా" అంటుంది. అమ్మకి కళ్ళజోడే లేదు.

ఒకసారి రిపోర్టు చూసి "నార్మల్‌గా ఉంది" అన్నారు. అమ్మ ఇంటికొచ్చి మాత్రలు ఆపేసింది. జబ్బు తగ్గిపోయాక మందెందుకు అంది. ఆ నార్మల్ మాత్రల వల్లే వచ్చిందని అమ్మకి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. అమ్మకి తెలిసే ఉంటుందనుకున్నాను.

నాదొక్కటే మనవి. నలుగురిలో "చదువుకున్నారా?" అని అడగకండి. ఒకచోట అలా అడిగారు. అమ్మ తలొంచుకుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఆస్పత్రి గడప తొక్కలేదు.

వార్డు దీపం

అక్కా, మీ పోస్టు మా ఓపీలో అందరికీ చదివి వినిపిస్తాను. కళ్ళజోడు మాట నేను వారానికి పదిసార్లు వింటాను.

పలకా బలపం

డయాబెటిస్ ఎడ్యుకేటర్‌ని. తెల్లకోటు గారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ షిలింజర్ అనే డాక్టరు బృందం ఈ విషయం మీదే పనిచేసింది. 2002లో 408 మంది టైప్ 2 పేషెంట్లను చూస్తే, ఆరోగ్య సమాచారం చదివి అర్థం చేసుకోవడం బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో 36 శాతం మంది కంటి రెటీనా దెబ్బతిందని చెప్పారు. బాగా అర్థం చేసుకునేవాళ్ళలో అది 19 శాతం. ఇక 2003లో డాక్టరు గదుల్లో జరిగే మాటలను రికార్డు చేసి విన్నారు. పేషెంట్లకు కొత్తగా చెప్పిన 124 విషయాల్లో, అర్థమైందో లేదో డాక్టర్లు సరిచూసుకున్నవి 15 మాత్రమే. అలా సరిచూసుకున్న డాక్టర్ల పేషెంట్లలో షుగర్ అదుపు మెరుగ్గా ఉంది. డాక్టర్ గారూ, మీ టైమ్ బెంగకి జవాబు కూడా అందులోనే ఉంది. సరిచూసుకున్న విజిట్లు మిగతావాటికంటే ఎక్కువసేపేమీ పట్టలేదు.

కిటుకంతా అడిగే తీరులో ఉంది. "అర్థమైందా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. కాదంటే తమకు తెలివి లేదన్నట్టు అవుతుందని భయం. నేను ఇలా అడుగుతాను: "ఇవాళ చాలా చెప్పేశాను. నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళాక మీవాళ్ళు 'డాక్టరేమన్నారు' అంటే ఏం చెప్తారు?" పరీక్ష నాకు, వాళ్ళకి కాదు. తప్పు చెప్తే "కాదు కాదు" అనను. "నేనే సరిగ్గా చెప్పలేదు, ఇంకోలా చెప్తాను" అని మళ్ళీ మొదలుపెడతాను. అదే మాటను గట్టిగా చెప్తే లాభం లేదు, మాట మార్చి చెప్పాలి.

ఎవరికి చేయాలి అన్నదానికి నా జవాబు: అందరికీ. అప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. పెద్దకూతురు గారి అమ్మగారిలాంటివాళ్ళు తలదించుకోవాల్సిన పని రాదు.

డ్రైవర్ అన్న

నేను వాయిస్‌తో రాస్తున్నా, తప్పులుంటే ఏమీ అనుకోకండి. నేను పేషెంటుని. చిన్నప్పుడు బడికి పోలేదు. అంకెలు వచ్చు, బండి నడిపేవాడికి అంకెలు రాకపోతే కుదరదు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు.

నా సంగతి చెప్తా. మూడు నెలల టెస్టు అని ఒకటి చేశారు. 9 వచ్చిందన్నారు. నేను చాలా సంతోషపడ్డా. ఇంట్లో మీటర్‌లో 200, 220 వచ్చేది, ఇక్కడ 9 అంటే బాగా దిగిపోయింది కదా అనుకున్నా. ఏడాది పాటు అలాగే అనుకున్నా. డాక్టరు గారు "9 అండీ, 9!" అని గట్టిగా అంటుంటే మెచ్చుకుంటున్నాడనుకున్నా. అది ఎక్కువని నాకు చెప్పింది ఒక నర్సమ్మ. ఆ టెస్టులో 9 అంటే మూడు నెలలు రాత్రీ పగలూ నీ షుగర్ 212 దగ్గర తిరుగుతున్నట్టు అంది. అది వినగానే నా గుండె జారిపోయింది. ఇంకొకటి, మా దోస్తు మీటర్ మీద అంకె బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి. మీటర్ పాడైందని మూలన పడేశాడు. షుగర్ మీటర్ కొలవలేనంత పైకి పోయిందని దాని అర్థమట. రెండు రోజులకు ఐసీయూలో చేరాడు.

మాకు తెలివి లేక కాదండి. మీ మాటలు మా చెవిదాకా వస్తాయి, తలకెక్కవు. అంతే తేడా.

పలకా బలపం

అన్నా, మీరు రాసింది మాలాంటివాళ్ళకు పెద్ద పాఠం. ఆ టెస్టు (హెచ్‌బీఏ1సీ అంటారు) శాతంలో వస్తుంది, మీటర్ మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. మేం ఆ తేడా చెప్పకుండా రెండు రకాల అంకెలు మీ చేతిలో పెడుతున్నాం. మా దగ్గర ఇప్పుడు శాతం పక్కనే మీటర్ భాషలో కూడా రాస్తున్నాం: 7 అంటే 154, 8 అంటే 183, 9 అంటే 212, 10 అంటే 240. ఈ లెక్క చూపించాక "ఓహో" అనని మనిషి లేడు.

మీ దోస్తు సంగతి కూడా అందరికీ తెలియాలి. చాలా మీటర్లలో 600 దాటితే అంకె రాదు, హెచ్, ఐ అనే అక్షరాలొస్తాయి. మరీ కిందికి పడితే ఎల్, ఓ అని వస్తాయి. రెండూ ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సినవే. మీటర్ ఇచ్చేటప్పుడే ఆ అక్షరాలు కాగితం మీద పెద్దగా గీసి చూపించాలి.

సగం పళ్ళెం

డైటీషియన్‌ని. తిండి గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. నా ఉద్యోగం మొదట్లో ఒక పెద్ద చార్టు ఇచ్చేదాన్ని. కేలరీలు, గ్రాములు, తినేవి, తినకూడనివి. పేషెంట్లు దాన్ని భక్తిగా మడిచి ఫైల్లో పెట్టుకునేవాళ్ళు. మళ్ళీ వచ్చినప్పుడు మడత కూడా విప్పకుండా ఉండేది.

ఇప్పుడు చార్టు లేదు. టేబుల్ మీద ఒక ఖాళీ పళ్ళెం ఉంటుంది. "నిన్న రాత్రి తిన్నది ఇందులో ఎంత మేర ఉందో వేలితో గీసి చూపించండి" అంటాను. అప్పుడు బయటపడుతుంది. "తీపి ముట్టనండీ" అని ఒట్టేసిన మనిషి పళ్ళెంలో ముప్పాతిక భాగం పిండి పదార్థమే ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. షుగర్ జబ్బంటే చక్కెర మానేయడమే అనుకున్నాడు, జబ్బు పేరులోనే ఉంది కదా. పిండి పదార్థం కడుపులోకి వెళ్ళాక చక్కెరగానే మారుతుందని ఆయనకి చెప్పిందెవరు?

ఆ పళ్ళెంలోనే చూపిస్తాను. సగం కూరగాయలు, పావు మాంసకృత్తులు, మిగిలిన పావు పిండి పదార్థం. తూకాలు లేవు. ఆ రోజుకి ఒక్క మార్పే అడుగుతాను, అదీ వాళ్ళనే ఎంచుకోమంటాను. ఐదు చెప్తే ఐదూ పోతాయి.

మందుల అలమర

సగం పళ్ళెం గారూ, ఖాళీ పళ్ళెం అంటే గుర్తొచ్చింది. చదువు రానివాళ్ళకి బొమ్మలేస్తే చాలని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకుని కవర్ల మీద వేసే రబ్బరు స్టాంపులు చేయించాను. తినకముందు వేసుకోవాలి అనడానికి ఖాళీ పళ్ళెం బొమ్మ, తిన్నాక అనడానికి నిండు పళ్ళెం బొమ్మ. వారం తర్వాత ఒకాయన్ని అడిగితే సరిగ్గా తలకిందులుగా చెప్పాడు. "పళ్ళెం ఖాళీ అయిందంటే తినేసినట్టే కదా" అన్నాడు. ఆయన తర్కంలో తప్పేముంది? బొమ్మ కూడా ఒక భాషే, అదీ నేర్చుకుంటేనే వస్తుంది. ఆ స్టాంపులు పక్కన పెట్టేశాను. బొమ్మ వాడితే వాడండి, కానీ వాడే ముందు పదిమందికి చూపించి "ఇదేంటి?" అని అడగండి.

తెల్లకోటు

అందరూ రాసింది రెండుసార్లు చదివాను. ఒప్పుకుంటున్నాను, అందరికీ చేయాలి. మరి ఉన్న ఆ కాస్త టైమ్‌లో ముందు ఏది సరిచూసుకోవాలి? అన్నీ ఒక్కరోజే కుదరవు కదా.

పలకా బలపం

షుగర్ డౌన్. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకీ అదే మొదటి పాఠం. షుగర్ ఎక్కువైతే హాని నెమ్మదిగా జరుగుతుంది, డౌన్ అయితే గంటలో ప్రాణం మీదకొస్తుంది. 70 కంటే తగ్గితే డౌన్ అని పుస్తకం చెప్తుంది, కానీ నేను అంకెతో మొదలుపెట్టను. "చేతులు వణికితే, చెమటలు పడితే, కళ్ళు తిరిగితే, ఉన్నట్టుండి చిరాకు, ఆకలి ముంచుకొస్తే ముందు తీపి నోట్లో వేసుకోండి" అంటాను. మీటర్ దగ్గరుంటే చూడండి, లేకపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఎంత అంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా అర గ్లాసు పళ్ళరసం. పావుగంట ఆగి చూడాలి, ఆ వణుకు, చెమటలు తగ్గకపోతే మళ్ళీ అంతే. తేరుకున్నాక ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికే తీసుకెళ్ళాలి. ఈ చివరి మాట ఇంట్లోవాళ్ళకి తప్పకుండా చెప్పాలి, ప్రేమకొద్దీ నోట్లో నీళ్ళు పోసేస్తారు.

రెండోది, "ఈ పూట తినకపోతే మందేం చేస్తారు?" అని అడగండి. వచ్చే జవాబులు విని ఆశ్చర్యపోతారు. ఏం చేయాలన్నది ఏ మందు వాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వాళ్ళ చీటీ చూసి వాళ్ళకి తగినట్టే చెప్పాలి.

కాలినడక

నేను ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తని. ఓపీ గదిలో కనపడనివి నాకు కనపడతాయి. మాట మీకు ఎలా చేరుతుందో తెలియదు కానీ కాళ్ళ గురించి చెప్పి తీరాలి.

ఒకాయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పులో దిగిన చిన్న మేకు మీదే నడిచాడు. ఇంటి గుమ్మంలో రక్తపు అడుగులు చూసి భార్య కేక పెట్టేదాకా తెలియలేదు. చెప్పు తిరగేసి చూపిస్తే ఆయన నవ్వాడు, "నొప్పే లేదు, ఏం పర్లేదు" అన్నాడు. అదే అసలు ప్రమాదం. నొప్పి లేదంటే బాగున్నట్టే అని పుట్టినప్పటి నుంచి అందరం నేర్చుకున్నాం. షుగర్‌లో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు, పుండు లోపల్లోపలే పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో మనిషి తన ఒంటిని తానే నమ్మకూడదు.

"పాద సంరక్షణ" అని చెప్తే ఎవరి చెవికీ ఎక్కదు. నేను ఇంట్లో అద్దం అడిగి తీసుకుని, నేల మీద పెట్టి, దాని మీదుగా పాదం పెట్టమంటాను. అరికాలు కనపడుతుంది. చాలామంది తమ అరికాలు అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. రోజూ పడుకోబోయే ముందు ఇలాగే. వేళ్ళ మధ్య కూడా. చూపు సరిగా ఆనకపోతే మనవడో మనవరాలో చూస్తారు, పిల్లలు ఈ పని ఎంత ఇష్టంగా చేస్తారో. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. వేడినీళ్ళలో కాలు పెట్టే ముందు మోచేతితో చూడాలి.

డ్రైవర్ అన్న

రాత్రి అద్దం పెట్టి చూసుకున్నా. కుడి మడమ దగ్గర పగులు ఉంది, లోతుగానే ఉంది. రేపే చూపిస్తా. మీకు దండం తల్లీ.

పెద్దకూతురు

ఒక సందేహం. ఇవన్నీ చదివాక అమ్మ మందులన్నీ నేనే చూసుకుంటే మంచిదేమో అనిపిస్తోంది. వారానికి సరిపడా డబ్బాలో సర్దేస్తాను, వేళకి ఫోన్ చేస్తాను. అమ్మ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీరేమంటారు?

డ్రైవర్ అన్న

చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు. మా అబ్బాయి కూడా అలాగే చేశాడు. వాడు పని మీద నాలుగు రోజులు వేరే ఊరు పోయినప్పుడు నాకు డబ్బా ముందు కూర్చుని ఏడుపొచ్చింది. నా ఒంటికి సంబంధించింది నాకే తెలియకపోతే ఎలా? ఇప్పుడు వాడు సర్దేటప్పుడు నేను పక్కనే కూర్చుంటా. ఏది దేనికో నేను చెప్తా, వాడు వేస్తాడు. ఈ పెద్ద తెల్లది షుగర్‌ది, తిండితో వేసుకోవాలి లేకపోతే కడుపులో తిప్పుతుంది. చిన్నది బీపీది. మీ అమ్మకీ చెప్పు. పదకొండేళ్ళుగా జబ్బుని మోస్తున్న మనిషి, నేర్చుకుంటుంది.

మందుల అలమర

అన్న మాటకి చిన్న చేర్పు. ఆ పెద్ద తెల్లది మెట్‌ఫార్మిన్‌లో నెమ్మదిగా కరిగే రకం అయితే, ఒక్కోసారి దాని పెంకు మలంలో అలాగే కనపడుతుంది. మందు లోపలికి పోయే ఉంటుంది, వచ్చేది ఖాళీ గుల్ల. ఇది ముందే చెప్పకపోతే "మాత్ర కరగట్లేదు" అని ఆపేస్తారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు కూడా.

తెల్లకోటు (పన్నెండు రోజుల తర్వాత)

చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే చేసి చూసి వచ్చాను. ప్రతి పేషెంటు దగ్గర ఒక్క విషయం మాత్రమే తిరిగి చెప్పించుకోవడమో, చేయించి చూడటమో చేశాను. మనిషికి నిమిషం, నిమిషంన్నర ఎక్కువైంది. మొదటి రెండు రోజులు ఓపీ ఆలస్యమైంది. తర్వాత సర్దుకుంది, ఎందుకంటే నేను చెప్పే మాటలు తగ్గాయి. ఇంతకుముందు ఎనిమిది చెప్పేవాణ్ణి, ఇప్పుడు రెండే.

నాలుగో రోజు ఒకావిడ. సీసా ఇన్సులిన్, సిరంజితో వేసుకుంటుంది. 20 యూనిట్లు తీయమన్నాను. 20 గీత దగ్గరికే తీసింది. అయితే సీసా యూ-40 (మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు), సిరంజి యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందు కోసం గీతలు పెట్టింది). ఎర్రమూత సిరంజి వాడాల్సిన చోట నారింజ మూతది వాడుతోంది. ఆ సిరంజిలో 20 గీత అంటే ఆ మందులో 8 యూనిట్లే. ఐదు నెలలుగా అంతే వెళ్తోంది. తిరగబడి ఉంటే, అంటే యూ-100 మందుని యూ-40 సిరంజితో తీసి ఉంటే, 20 అనుకుని 50 వేసుకునేది. ఆవిడ ఫైల్లో నా చేతిరాతతోనే "డైట్ పాటించడం లేదు" అని ఉంది. ఆవిడ ముందే కొట్టేశాను. క్షమించమని కూడా అడిగాను.

అన్నీ కుదరలేదు. ఒకాయన మాత్రం ఎంత మెత్తగా అడిగినా "మీరే చెప్పండి సార్, నన్నేం అడక్కండి" అని లేచి వెళ్ళిపోయారు. ఆయన తిరిగి వస్తే ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్తే వింటాను.

పలకా బలపం

ఆయన్ని ఏమీ అడగకండి సార్. ఈసారి మీరే పెన్ను చేత్తో పట్టుకుని, "కొత్తగా వచ్చిన నర్సుకి నేర్పాలి, మీకు అలవాటుంది కదా, కాస్త చూపిస్తారా" అనండి. అది నిజంగా కొత్తగా వచ్చిన నర్సు ఎదురుగానే అనండి, అబద్ధం ఆడొద్దు. నేర్పమంటే ముందుకొచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు.

వార్డు దీపం (మూడు వారాల తర్వాత)

మా బాబాయ్ ఇవాళ వచ్చారు. 10 యూనిట్లతో మొదలుపెట్టి డాక్టరు గారు నెమ్మదిగా పెంచారు, ఇప్పుడు 14. పరగడుపున 138. మీటర్ తెచ్చి ఒక్కో రీడింగూ నాకు చూపించారు. వేసుకునే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి సూది చివర చుక్క వచ్చిందో లేదో చూడమని కూడా నేర్పాను. ఆ ఒక్క అలవాటు మొదటి రోజే చేయించి ఉంటే రెండు నెలలు వృథా అయ్యేవి కావు.

ఇవాళ ఆయన చేసి చూపించారు. పెద్ద మూత తీసి టేబుల్ మీద పెట్టారు. చిన్న మూత తీసి దాని పక్కన పెట్టారు. రెండింటినీ వేలితో ముట్టుకుని "ఒకటి, రెండు" అన్నారు. అప్పుడే పొట్ట దగ్గరికి తీసుకెళ్ళారు. పొడి చర్మం. జేబులో గుడ్డ ఇంకా ఉంది, అలవాటుగా తీశారు, మళ్ళీ లోపల పెట్టేసుకున్నారు.

మా వార్డులో నేర్పే ట్రేలో ఇప్పుడు రెండు రకాల సూదులూ ఉంటున్నాయి. ఇంటికి వెళ్ళే పేషెంటు ఇంట్లో వాడబోయే రకంతోనే చేసి చూపించాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెడుతున్నాం. ఒప్పించడానికి మూడు మీటింగులు పట్టింది.

మందుల అలమర

మా కౌంటర్లో కూడా మొదలైంది. పెన్ను సూదుల డబ్బా ఇచ్చేటప్పుడు ఒక సూది విప్పి, రెండు మూతలూ వాళ్ళ అరచేతిలో పెడుతున్నాం. నిన్న ఒకావిడ చిన్న మూతని చాలాసేపు చూసి, "ఇది కూడా తీయాలా?" అంది.